డీజిలా, పెట్రోలా? పికప్పు కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల, అవుకు, బనగానపల్లె, బేతంచెర్ల వైపు నాపరాయి గనులు, బండల ఫ్యాక్టరీల మీద ఆధారపడ్డ ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ ఊళ్లలో సొంతంగా ఒక పికప్పు పెట్టుకుందామనుకునే కుర్రాడికి మొదట వినబడే సలహా ఇదే: "లోడు బండంటే డీజిలే తీసుకోవాల. పెట్రోలు లాగదు." చెప్పేవాళ్లు ఏళ్ల తరబడి స్టీరింగు పట్టినవాళ్లు. వాళ్ల అనుభవం నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం 2020 ఏప్రిల్ 1కి ముందు కొన్న బండ్ల అనుభవం. ఆ రోజు నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాయి. డీజిల్ ఇంజనుకు మసి ఫిల్టర్లు, సెన్సర్లు చేరాయి. ధర పెరిగింది, రిపేరు తీరూ మారింది. పెట్రోలు ఇంజను మీద అంత భారం పడలేదు. అందుకని పాత సలహాను ఇప్పటి ధరలతో మళ్లీ లెక్కేసుకోవాలి.

ఆ లెక్కకు మూడు అంకెలు కావాలి. ఒక్కో ట్రిప్పుకు ఎన్ని కిలోలు వేస్తారు? నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? ఒక్కో ట్రిప్పు ఎంత దూరం? ఈ మూడూ చేతిలో లేకుండా షోరూముకు పోతే, అక్కడ స్టాకులో ఉన్న బండే మీ ఇంటికొస్తుంది.

మార్కెట్లో నిజంగా ఉన్నవి ఏవి?

2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు అందులో ఉన్నది 702 సీసీ డీజిల్ ఇంజను. టన్నులోపు బండి కూడా డీజిలే అయి ఉండాలన్నది అప్పటి నమ్మకం. దానికి కారణం ఇంజనొక్కటే కాదు, ధర కూడా. పెట్రోలు ధరను ప్రభుత్వం 2010లోనే మార్కెట్‌కు వదిలేసింది. డీజిల్‌ను మాత్రం 2014 అక్టోబరు దాకా తన చేతుల్లోనే ఉంచుకుంది. ఆ కాలంలో కొన్నాళ్లు రెండింటి మధ్య తేడా బాగా పెరిగి, డీజిల్ బండి కొన్నవాడిదే గెలుపు అయింది.

ఇప్పుడా తేడా తగ్గింది, కొత్త నిబంధనలు వచ్చాయి, చిన్న బండ్ల తీరు మారిపోయింది. మారుతి సూపర్ క్యారీ 2016లో 793 సీసీ డీజిల్‌తో వచ్చింది. 2020లో ఆ కంపెనీ డీజిల్‌ను పూర్తిగా వదిలేసింది. అదే బండి ఇవాళ 1.2 లీటర్ల పెట్రోలు, సీఎన్‌జీలతో నడుస్తోంది. టాటా కూడా 2020లో ఏస్‌ను 694 సీసీ పెట్రోలు ఇంజనుతో తెచ్చింది. కంపెనీలకు పెట్రోలు మీద ప్రేమ పుట్టి ఇలా చేయలేదు. చిన్న డీజిల్ ఇంజనుకు పొగ శుద్ధి సామగ్రి అంతా తగిలిస్తే, ఆ ఖర్చు బండి ధరలో మోయలేనంత వాటా అవుతుంది.

టన్ను దాటాక కథ వేరు. మహీంద్రా బొలెరో పికప్పులో 2.5 లీటర్ల ఇంజను, టాటా యోధలో 2.2, ఇంట్రా వీ30, వీ50లలో 1.5, అశోక్ లేలాండ్ దోస్త్‌లోనూ 1.5. అన్నీ డీజిలే. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్ కూడా డీజిలే. ఈ తరగతిలో డీజిల్ వద్దంటే ఎక్కువగా మిగిలేది సీఎన్‌జీ రకాలే. కాబట్టి మీ లోడు టన్ను లోపలా పైనా అన్నది తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ముందు బరువు

ఈ ప్రాంతంలోని బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున తొలిచి ఉన్నది సున్నపురాతిలో. గుహల చుట్టుపక్కల గనుల్లో పొరలు పొరలుగా లేచే నాపరాయి కూడా సున్నపురాయే. ఈ రాయి ఘనమీటరు రెండున్నర టన్నుల పైనే, సుమారు 2,600 నుంచి 2,700 కిలోలు తూగుతుంది. దీన్ని బండల లెక్కలోకి మార్చుకుందాం. అంగుళం మందం, చదరపు అడుగు వైశాల్యం ఉన్న బండ బరువు 6 కిలోల పైమాటే. వంద చదరపు అడుగులంటే 600 దాటి 640 దాకా. రెండు వందల అడుగులంటే టన్నుంబావు. ఒకటిన్నర అంగుళం మందమైతే ఇదే బరువుకు సగం మళ్లీ కలుపుకోవాలి.

బండ పేర్చినప్పుడు తొట్టిలో సగం ఎత్తు కూడా రాదు. ఇంకో వరస వేయొచ్చు కదా అనిపిస్తుంది. బియ్యం, మామిడి అయితే తొట్టి నిండగానే కంటికి తెలిసిపోతుంది. రాయికి అలా తెలియదు. 750 కిలోల బండిలో వంద అడుగుల అంగుళం బండలు వేసి, దించడానికి ఇద్దరు కూలీలను ఎక్కించుకుంటే హద్దు నిండినట్టే. డ్రైవరును కూడా కలిపితే దాటినట్టే. ఆర్సీలో రాసిన స్థూల బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేది మీ చట్టబద్ధమైన లోడు. మనుషులు, తార్పాలిను, తాళ్లు అన్నీ అందులోంచే పోవాలి. అధిక లోడుకు మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ పెట్టిన జరిమానా 20,000 రూపాయలు. ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఒక్కసారి దొరికితే వారాల సంపాదన పోతుంది. ఈలోగా కమాన్ కట్టలు, క్లచ్ ప్లేట్లు, టైర్లు వాటి జరిమానా అవి వేస్తూనే ఉంటాయి.

మీ సరుకు బియ్యమైతే 25 కిలోల సంచులు నలభై వేస్తే టన్ను. బనగానపల్లె మామిడికి క్రేటు బరువును నింపిన కాయతో సహా కాటా వేయించి చూసుకోండి. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర విగ్రహాలు ఎత్తుకునేవాళ్లకు బరువు సంగతి ఇంకా మోసం. గ్రానైటు నాపరాయి కంటే కాస్త ఎక్కువే తూగుతుంది, భారమంతా ఒక్కచోట పడుతుంది. అక్కడ సగటు లోడు చూసుకుంటే సరిపోదు, నెలకోసారైనా వచ్చే పెద్ద లోడు ఎంతో చూసుకోవాలి.

ఇప్పుడు ఒక ట్రిప్పు తీసుకుందాం. బెలుం దగ్గర్నుంచి తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్లు, రానూపోనూ 60. లోడు రెండు వందల అడుగుల బండలు. మన రాష్ట్రంలో పెట్రోలు లీటరు 110, డీజిల్ 98 రూపాయల చుట్టూ ఉందనుకుని వేద్దాం. మీరు లెక్క వేసుకునే రోజు మీ బంకులో ఉన్న ధర పెట్టుకోండి. టన్నుంబావు మోసే డీజిల్ పికప్పు సగటున లీటరుకు 13 ఇస్తుందనుకుంటే ఒక్క ట్రిప్పుకు 450 రూపాయల డీజిల్. అదే సరుకును చిన్న పెట్రోలు బండిలో రెండు ట్రిప్పులుగా వేస్తే 120 కిలోమీటర్లు. లీటరుకు 14 చొప్పున 940 రూపాయలు. బాడుగ మాత్రం ఒకటే. రోజులో సగం అదనంగా పోతుంది. కాబట్టి మీ సరుకు తరచూ టన్ను దాటేదైతే ఇంజను గురించి వాదన అనవసరం. పెద్ద డీజిల్ పికప్పే మీ బండి.

దీన్ని తిప్పి కూడా చూడాలి. మీ లోడు ఎప్పుడూ ఐదారు వందల కిలోలే అయితే ఈ 60 కిలోమీటర్లకు పెద్ద డీజిల్‌కు 450, చిన్న పెట్రోలుకు 470. ఇంధనంలో తేడా ఒక టీ ఖర్చు. కానీ పెద్ద బండి ధర మూడు లక్షలు ఎక్కువైతే 11 శాతం వడ్డీకి, నాలుగేళ్ల వాయిదాకు నెలకు 7,750 రూపాయలు అదనపు కిస్తీ. ఎప్పుడో ఒకసారి పెద్ద లోడు రావచ్చని ప్రతి నెలా ఇంత కట్టడం తగదు. ఆ ఒక్క లోడుకు ఇంకొకరి బండి బాడుగకు మాట్లాడుకోవచ్చు.

డీజిల్ ఎందుకు లాగుతుంది?

పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం కలిసి లోపలికి పోతాయి, స్పార్కు ప్లగ్గు అంటిస్తుంది. ఎక్కువగా నొక్కితే ఆ మిశ్రమం సమయానికి ముందే అంటుకుంటుంది గనక, మామూలుగా తొమ్మిది నుంచి పన్నెండు రెట్లకు మించి నొక్కరు. డీజిల్ ఇంజను ఉత్త గాలినే పదహారు, పద్దెనిమిది రెట్లు నొక్కుతుంది. ఆ వేడికి పిచికారీ అయిన డీజిల్ దానంతటదే మండుతుంది. ఎక్కువ నొక్కుడు అంటే అదే ఇంధనంలోంచి ఎక్కువ పని. దీనికి తోడు లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే పది శాతం పైగా శక్తి ఉంటుంది. టర్బో కలిస్తే తక్కువ ఇంజను వేగంలోనే, అంటే పదిహేను వందల ఆర్‌పీఎం దరిదాపుల్లోనే, గట్టి లాగుడు దొరుకుతుంది. గని లోపలి నుంచి మిట్ట ఎక్కేటప్పుడు, నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్‌లో లోడుతో పోయేటప్పుడు క్లచ్ కాల్చకుండా రెండో గేరులో మెల్లగా ఎక్కగలిగేది అందుకే.

పెట్రోలు ఇంజను ఆ శక్తినే ఎక్కువ వేగంతో తిరిగి ఇస్తుంది. బండి లాగదని కాదు. గేరు తగ్గించి, ఇంజనును అరిపించి నడపాలి. నిండు లోడుతో రోజంతా అలా నడిపితే మైలేజీ గబగబా పడిపోతుంది. ఖాళీ బండితో, సగం లోడుతో, చదును రోడ్డు మీద ఆ తేడా అంతగా కనిపించదు. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య జాతీయ రహదారి 40 మీద కూరగాయలో, కిరాణా సరుకో వేసుకుని తిరిగే బండికి పదిహేను వందల ఆర్‌పీఎం లాగుడు లేకపోయినా కొంప మునగదు.

తర్వాత కిలోమీటర్లు

టన్నులోపు లోడు తిప్పేవాళ్లకు అసలు ప్రశ్న ఇక్కడుంది. పెట్రోలు బండి లీటరుకు 14, అదే తరగతి డీజిల్ బండి 19 ఇస్తాయని పెట్టుకుందాం. కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 7 రూపాయల 86 పైసలు, డీజిల్ ఖర్చు 5 రూపాయల 16 పైసలు. మిగులు 2 రూపాయల 70 పైసలు. డీజిల్ బండికి ఇంజనాయిలు, ఫిల్టర్లు, ముందు ముందు రాబోయే ఇంజెక్టర్ల పని కోసం కిలోమీటరుకు అర్ధరూపాయి పక్కన పెట్టండి. నికరంగా 2 రూపాయల 20 పైసలు మిగిలిందనుకుందాం.

డీజిల్ బండి 80,000 రూపాయలు ఎక్కువ ధర పలికితే, 11 శాతం వడ్డీకి 48 నెలల్లో తీర్చడానికి నెలకు సుమారు 2,070 కిస్తీ. దాన్ని 2.20తో భాగిస్తే 940. అంటే నెలకు 940 కిలోమీటర్లు తిరిగితే డీజిల్ మిగులు డీజిల్ కిస్తీకే సరిపోతుంది. అంతకంటే తక్కువ తిరిగేవాడికి డీజిల్ నష్టం. నెలకు రెండు వేలు తిరిగేవాడికి కిస్తీ పోను 2,300 మిగులు, మూడు వేలు తిరిగేవాడికి 4,500 పైన. వెయ్యి, పదిహేను వందల మధ్య తిరిగేవాడికి ఆ మిగులు ఒక్క రిపేరుతో తుడిచిపెట్టుకుపోయేంత చిన్నది. అలాంటప్పుడు తక్కువ ధర బండి తీసుకుని అప్పు తగ్గించుకోవడమే మేలు.

ఈ లెక్కలో ప్రతి అంకెనూ మీ అంకెతో మార్చుకోవాలి. కంపెనీ కాగితం మీద ఉండే మైలేజీ వద్దు. అది పరీక్షా కేంద్రంలో వచ్చింది. బండల ఫ్యాక్టరీ దగ్గర లోడు కోసం నిలబడ్డ బండి యజమానిని అడగండి: "అన్నా, లోడు మీద ఎంత ఇస్తాంది?" ఒక్కరు చెప్పింది కాక నలుగురిని అడగండి. "ఖాళీగా వచ్చేటప్పుడు ఎంత? షెడ్డుకు పోయిండేది దేనికి?" అని రెండోమాట కూడా అడగండి. మామిడి సీజను రెండు మూడు నెలల తిరుగుడును పన్నెండు నెలలకూ పెట్టి లెక్క వేయొద్దు. ఏడాది మొత్తం కిలోమీటర్లను పన్నెండుతో భాగించండి.

కర్ణాటకలో రెండు ఇంధనాలూ మనకంటే చవక. బళ్లారి, బెంగళూరు వైపు క్రమంగా తిరిగే బండి అక్కడ ట్యాంకు నింపుకుంటుంది గనక ఆ ధరతో లెక్క వేసుకోవాలి. రెండు ధరలూ తగ్గితే తేడా కూడా కొంచెం మారుతుంది.

ట్రిప్పు ఎంత పొడవు?

డీజిల్ కొనేవాళ్లు ఎక్కువగా చూడనిదీ, తర్వాత ఎక్కువగా బాధపడేదీ ఇక్కడే. బీఎస్-6 డీజిల్ బండ్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. ఇంజను వదిలే మసిని అది పట్టేస్తుంది. మసి కొంత చేరాక దాన్ని లోపలే కాల్చేయాలి. దానికి ఆరు వందల డిగ్రీల దరిదాపు వేడి కావాలి. బండి ఆగకుండా ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఓ మాదిరి వేగంతో నడిస్తేనే ఆ వేడి పుడుతుంది. గని నుంచి మూడు కిలోమీటర్ల దూరంలోని పాలిష్ ఫ్యాక్టరీకి పోయి, ఇంజను ఆపకుండా అరగంట నిలబడి, మళ్లీ మూడు కిలోమీటర్లు వెనక్కి వచ్చే బండికి ఆ అవకాశం ఎప్పుడొస్తుంది? మసి నిండుతుంది, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. పట్టించుకోకపోతే ఇంజను బలం తగ్గించేసుకుంటుంది. ఆఖరికి సర్వీసు సెంటర్‌లో కంప్యూటరు తగిలించి కాల్పించుకోవాలి.

మీ పని ఈ రకమైతే, నెల కిలోమీటర్లు తక్కువ, ట్రిప్పులు పొట్టి, లోడు టన్నులోపు అయితే పెట్రోలు బండి మంచిది. లోడు టన్ను దాటి డీజిల్ తప్పనప్పుడు రెండు అలవాట్లు చేసుకోండి. లోడింగు దగ్గర ఇంజను ఆపేయండి. దీపం వెలిగితే అదే రోజు ఖాళీ బండిని పెద్ద రోడ్డెక్కించి, గేరు ఒకటి తగ్గించి, కంపెనీ పుస్తకంలో చెప్పినంతసేపు నడపండి. దీపం వెలిగి ఉండగా ఇంజను ఆపితే కాల్పు మధ్యలో ఆగిపోతుంది.

కొన్ని మోడళ్లకు డెఫ్ ట్యాంకు కూడా ఉంటుంది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి వాడే ద్రవం అది. శుద్ధమైన నీటిలో 32.5 శాతం యూరియా. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. పొలానికి చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినొద్దు. ఎరువులో ఉండే ఇతర పదార్థాలు, మామూలు నీటిలోని ఉప్పులు ఆ వ్యవస్థను పాడుచేస్తాయి. బాగుచేయించే ఖర్చు ముందు డెఫ్ డబ్బా ధర ఏమీ కాదు. కొనేముందే అడగండి: ఈ మోడల్‌కు డెఫ్ ఉందా, అయిపోతే బండి ఏం చేస్తుంది, మన తావులో ఎక్కడ దొరుకుతుంది?

ఇంజెక్టర్ల సంగతీ అంతే. ఇప్పటి కామన్ రైలు వ్యవస్థ వెయ్యిన్నర బార్ల పైన ఒత్తిడితో డీజిల్‌ను సన్నని రంధ్రాల గుండా చిమ్ముతుంది. డబ్బాల్లో అమ్మే లూజు డీజిల్, బయోడీజిల్ పేరుతో చవగ్గా ఇచ్చే ద్రవం, నీరు కలిసిన ఇంధనం ఆ రంధ్రాలను తినేస్తాయి. లీటరుకు ఐదారు రూపాయలు మిగిల్చుకోబోయి వేలు పోగొట్టుకోవద్దు. గని దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగదు. వారానికోసారి విప్పి చూడాలి. టర్బో ఉన్న ఇంజనును ఎత్తు ఎక్కి వచ్చిన వెంటనే ఆపకుండా ఒక నిమిషం ఊరికే తిరగనివ్వాలి. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఇంజనాయిలు ఉంటుంది. షెడ్డులో ఉన్నదేదో పోయించుకోవద్దు.

పెట్రోలు, సీఎన్‌జీ తీసుకునేవాళ్లు చూసుకోవాల్సినవి

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. ఇథనాలులో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులే. అందుకే మైలేజీలో ఆరేడు శాతం కోత పడొచ్చు. పాత బండి తీసుకుంటే దాని గొట్టాలు, సీళ్లు ఆ మిశ్రమానికి తగినవేనా అని కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడగండి. ఇథనాలు తేమను పీలుస్తుంది గనక, సీజను అయిపోయాక నెలల తరబడి బండిని నిలబెట్టేవాళ్లు ట్యాంకులో పాత పెట్రోలు వదిలేయొద్దు.

సీఎన్‌జీ కిలోమీటరు ఖర్చులో పెట్రోలును ఓడిస్తుంది. అయితే సిలిండర్ల బరువు మీ లోడులోంచే పోతుంది. లాగుడు పెట్రోలు మీద నడిచినప్పటికంటే కొంచెం తగ్గుతుంది. సిలిండర్లకు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. అన్నింటికంటే ముఖ్యం, గ్యాసు స్టేషను మీరు రోజూ పోయే దారిలో ఉందా, అక్కడ వరస ఎంత అన్నది. గ్యాసు కోసం ఇరవై కిలోమీటర్లు పక్కకు పోయి గంట నిలబడాల్సి వస్తే ఆదా అయినది అక్కడే ఖర్చయిపోతుంది. రెండు ఇంధనాలతో నడిచే బండి తీసుకుంటే, పెట్రోలు మీద ఎన్ని కిలోమీటర్లు పోగలదో చూడండి. కొన్ని మోడళ్లలో పెట్రోలు ట్యాంకు అత్యవసరానికి సరిపోయేంతే ఉంటుంది.

అమెరికా పికప్పుల్లో ఇదే తగువు

అమెరికాలో పెద్ద పికప్పుల్లో రెండు ఇంజన్లూ పక్కపక్కనే అమ్ముతారు. ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 6.7 లీటర్ల డీజిల్‌తో పాటు, 2020 మోడల్ నుంచి 7.3 లీటర్ల పెట్రోలు వీ8 కూడా ఇస్తున్నారు. జనరల్ మోటార్స్ కూడా అదే ఏడాది మోడల్ నుంచి 6.6 లీటర్ల పెట్రోలు పెట్టింది. రామ్ పికప్పుల్లో 1989 నుంచి కమ్మిన్స్ డీజిల్ ఉంది. అక్కడ డీజిల్ ఇంజను కావాలంటే దాదాపు పదివేల డాలర్లు అదనం. పైగా చాలా ఏళ్లుగా అక్కడ డీజిల్ లీటరు ధర పెట్రోలు కంటే ఎక్కువే. అందుకే వెనకాల భారీ ట్రెయిలర్లు తగిలించి రాష్ట్రాలు దాటేవాళ్లు డీజిల్ తీసుకుంటారు. ఊళ్లో పనిముట్లు మోసుకుని తిరిగే మేస్త్రీలు, ప్లంబర్లు చాలామంది పెద్ద పెట్రోలుకు మారారు. డీజిల్ శుద్ధి వ్యవస్థల రిపేరు తలనొప్పి వాళ్లకు ఒక ముఖ్య కారణం. ఇంధనం ధరలు అక్కడ తలకిందులు. అయినా నిర్ణయించే ప్రశ్నలు అవే: ఎంత బరువు, ఎన్ని మైళ్లు, ఎంత పొడవు ట్రిప్పులు.

సెకండ్‌హ్యాండ్ అయితే

2020 మార్చి దాకా అమ్మిన బీఎస్-4 డీజిల్ పికప్పు ఇప్పటికీ ఈ ప్రాంతంలో మంచి ధర పలుకుతుంది. డీపీఎఫ్ లేదు, ఊరి మెకానిక్‌కు చెయ్యి తిరిగిన ఇంజను. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ఆపుతున్నారన్న వార్త విని ఇక్కడ భయపడేవాళ్లున్నారు. ఆ ఆదేశం దేశ రాజధాని ప్రాంతానికి సంబంధించింది. మన దగ్గర ఆలోచించాల్సినది ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చు గురించి. సరుకు రవాణా బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటిన రవాణా బండ్లకు ఆ ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి.

బండి చూడటానికి పొద్దున్నే పోండి, ఇంజను చల్లగా ఉండగా. ముందే వేడి చేసి ఉంచితే కారణం అడగండి. మొదటి రెండు తిప్పులకే స్టార్ట్ కావాలి. నల్లపొగ ఆగకుండా వస్తే ఇంజెక్టర్ల వైపు, నీలిపొగ వస్తే ఆయిలు మండుతోందని, తెల్లపొగ తగ్గకపోతే నీరో, మండని డీజిలో పోతోందని అనుమానించాలి. ఇంజను తిరుగుతుండగా ఆయిలు మూత తెరిస్తే బుసబుస గాలి ఎగదన్నితే లోపల రింగులు అరిగాయన్నమాట. బీఎస్-6 డీజిల్ అయితే డీపీఎఫ్ అసలు ఉందో, కోసి తీసేశారో బండి కిందికి వంగి చూడాలి. అది తీసేసిన బండి పొగ పరీక్షలో, ఎఫ్‌సీలో మిమ్మల్ని నిలబెడుతుంది. తొట్టి అడుగు రేకులు, చాసిస్ అతుకులు చూస్తే రాయి మోసిన బండో, కూరగాయలు మోసిన బండో తెలిసిపోతుంది. ఆర్సీ మీద ఫైనాన్సు పేరు ఉంటే నో అబ్జెక్షన్ కాగితం చేతికి రాకుండా బయానా ఇవ్వొద్దు.

కాగితాలు, కిస్తీ

స్థూల బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అవసరం లేదు. పికప్పుల్లో కొన్ని మోడళ్లు ఆ గీతకు కాస్త లోపల ఉంటాయి, అదే పేరుతో ఉన్న పెద్ద మోడళ్లు గీత దాటుతాయి. పేరు చూసి కాకుండా బరువు అంకె చూసి ఎంచుకోండి. లైసెన్సు విషయంలో 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. షోరూము కొటేషనులో ఆ తగ్గింపు కనిపిస్తోందో లేదో వరస వరసగా చదివి చూడండి.

కిస్తీ పెట్టుకునేటప్పుడు మంచి నెలను చూసి పెట్టుకోవద్దు. ఇంధనం, డ్రైవరు ఉంటే జీతం, బీమా, ఎఫ్‌సీ, టైర్ల కోసం పక్కన పెట్టేది అన్నీ తీసేశాక మిగిలే దాంట్లో సగానికి మించి కిస్తీకి పోకూడదు. గనుల్లో పని నిలిచే వానాకాలం నెలల్లో కూడా కట్టగలిగితేనే అది మీ స్తోమతకు తగిన అప్పు.

ఎవరికి ఏది?

- నాపరాళ్లు, సిమెంటు, గ్రానైటు విగ్రహాలు తరచూ టన్ను పైన మోసి తాడిపత్రి, నంద్యాల, ఇంకా దూరం పోయేవాళ్లు: డీజిల్ పికప్పు. వాదన అక్కర్లేదు.

- అదే బరువు, కానీ గనికీ ఫ్యాక్టరీకీ మధ్య నాలుగైదు కిలోమీటర్లే తిరిగేవాళ్లు: డీజిల్ తప్పదు. డీపీఎఫ్ అలవాట్లు నేర్చుకోవాలి, లేదా మంచి స్థితిలో ఉన్న బీఎస్-4 బండి వెతుక్కోవాలి.

- టన్నులోపు లోడు, నెలకు వెయ్యి కిలోమీటర్ల లోపు: పెట్రోలు. కిరాణా, నీళ్ల క్యాన్లు, గ్యాసు బండలు, టెంటు సామాన్లు వేసేవాళ్లు ఎక్కువగా ఈ వరసలోనే ఉంటారు.

- టన్నులోపు లోడు, నెలకు రెండు వేలు దాటే తిరుగుడు: దారిలో స్టేషను ఉంటే సీఎన్‌జీ, లేకపోతే డీజిల్.

- మామిడి సీజనుకే బండి అవసరమయ్యేవాళ్లు: కొనడం కంటే ఆ రెండు మూడు నెలలకు బాడుగకు మాట్లాడుకోవడం మంచిది.

ఏ బండి అనుకున్నా ఖాళీ బండితో షోరూము చుట్టూ ఒక తిప్పు తిప్పి సంతకం పెట్టొద్దు. మీరు రోజూ వేసే లోడే వేసి, మీరు రోజూ ఎక్కే మిట్ట మీద నడిపి చూస్తానని అడగండి. కంపెనీల దగ్గర డెమో బండ్లు ఉంటాయి, గట్టిగా అడిగితే ఇస్తారు. మిట్ట మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి. క్లచ్ వాసన వచ్చిందా, మొదటి గేరులో ఎంతసేపు నడపాల్సి వచ్చింది, దిగేటప్పుడు గేరు బండిని పట్టి ఉంచిందా లేక బ్రేకు మీదే ఆధారపడాల్సి వచ్చిందా చూసుకోండి. డెమోకు ఒప్పుకోని షోరూములో బయానా కట్టకుండా లేచి రండి. అదే బండి ఇంకో డీలరు దగ్గర దొరుకుతుంది.